చెరువు కింద యాసంగి (రబీ): నీళ్ల లెక్క నుంచి చివరి తడి దాకా

వానాకాలం కోతలు మొదలయ్యాయంటే చాలు, అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. "మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లే అలుగు) దుంకింది కదా, ఇంక ఆయకట్టు మొత్తం నాటు పెట్టొచ్చా?" "ఫిబ్రవరి దాకా నీళ్లకు రంది లేదు, మార్చిలో పొట్ట మీదున్న వరి ఎండింది, ఎక్కడ తప్పింది?" వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో వాగుల పక్కన, గొలుసుకట్టు చెరువుల కింద సేద్యం చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పని ఏ వరుసలో జరగాలో ఆ వరుసలోనే రాస్తున్నాను.

నా అనుభవంలో గట్టిగా నమ్మేది ఒకటే. నీళ్ల తగువు తూము ఎత్తాక మొదలైనట్టు కనిపిస్తుంది గానీ, అసలు తప్పు అంతకు నెల ముందే జరిగిపోతుంది. నారు పోసుకున్న రైతును నాటు వేయొద్దని ఎవరూ ఆపలేరు. అందుకే లెక్క, మీటింగు, ఒప్పందం అన్నీ నారు పోయకముందే, అంటే నవంబరు మొదటి వారంలోపే అయిపోవాలి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- చెరువు పూర్తి నిల్వ, ఆయకట్టు ఎకరాలు, తూముల సంఖ్య: ఇరిగేషన్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర దొరుకుతాయి
- ఏ తూము కింద ఎవరికి ఎన్ని ఎకరాలు ఉన్నాయో సర్వే నంబర్ల వారీగా ఒక పట్టిక
- చెరువులోంచి, కాలువలోంచి నేరుగా మోటర్లు పెట్టుకున్నవాళ్ల పేర్లు
- అడుగులు గీసిన పొడవాటి వెదురు కర్ర, టేపు, గడియారం
- ఒక నోటుబుక్కు. ఏడాదికొకటి కాదు, ఏళ్ల తరబడి అదే పుస్తకం

మోటర్ల జాబితా తీయడానికి చాలా ఊళ్లలో మొహమాటపడతారు. అది లేకుండా చేసిన లెక్క నెల రోజుల్లో తప్పుతుంది.

## 2. చెరువులో నీళ్లు ఎన్నో కొలవడం

గేజు బోర్డు (నీటి మట్టం చూపే అంకెల పలక) ఉంటే మొదటి పని దాని మీది అంకె రాసుకోవడం. ఇరిగేషన్ శాఖ దగ్గర ఆ చెరువు మట్టానికి తగిన నిల్వ పట్టిక ఉంటే మీ పని సగం అయినట్టే. రికార్డుల్లో నిల్వ ఎంసీఎఫ్‌టీల్లో, అంటే పది లక్షల ఘనపుటడుగుల లెక్కన ఉంటుంది. పొలం లెక్కకు అది సులువుగా తలకెక్కదు. ఒక ఎకరం మీద ఒక అడుగు ఎత్తున నిలిచే నీళ్లను ఒక ఎకరడుగు అనుకోండి. ఒక ఎంసీఎఫ్‌టీ అంటే దాదాపు 23 ఎకరడుగులు.

పట్టిక దొరక్కపోతే ఇలా చేయండి.

1. నీళ్లు ఎన్ని ఎకరాల్లో పరుచుకున్నాయో తేల్చండి. ఫోన్‌లో భూమి కొలిచే యాప్ పెట్టుకుని నీటి అంచు వెంట నడిస్తే సరిపోతుంది.
2. కట్టకు దగ్గర్లో, లోతైన చోట కర్రతో లోతు చూడండి. తెప్ప మీద చేపలు పట్టేవాళ్లను తోడు తీసుకోండి. లోతు ఎక్కడుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.
3. ఎకరాలను లోతుతో గుణించి, వచ్చినదాన్ని 0.4తో గుణించండి. వచ్చేది ఎకరడుగుల్లో నిల్వ.

ఉదాహరణకు 100 ఎకరాల్లో నీళ్లున్నాయి, లోతైన చోట 10 అడుగులుంది. 100 × 10 × 0.4 = 400 ఎకరడుగులు. ఇది అంచనాయే. అయినా కళ్లతో చూసి చెప్పేదానికన్నా ఎంతో నయం.

ఇక్కడే అందరూ పడే పొరపాటు ఒకటుంది. చెరువు మూకుడులాంటిది, పైన వెడల్పు, అడుగున ఇరుకు. నీళ్లు సగం ఎత్తుకు దిగాయంటే సగం మిగిలాయని కాదు. నాలుగో వంతు మిగిలి ఉండొచ్చు, అంతకన్నా తక్కువ కూడా ఉండొచ్చు. జనవరి చివర్లో "ఇంకా సగం చెరువుంది" అని నిశ్చింతగా ఉన్న ఊళ్లే మార్చిలో ట్యాంకర్ల కోసం తిరుగుతాయి.

## 3. నీళ్ల నుంచి ఎకరాలు తీయడం

అదే 400 ఎకరడుగుల చెరువును తీసుకుందాం. దీంట్లోంచి మొదట పక్కన పెట్టాల్సినవి రెండున్నాయి.

ఆవిరి, ఇంకుడు: డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా రెండడుగులు పోతాయనుకోండి. నీటి అంచు తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున 60 ఎకరాల మీద లెక్కిస్తే 120 ఎకరడుగులు.

పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బావుల ఊటకు: అడుగున నాలుగడుగుల నీళ్లు కదిలించొద్దు. ఈ చెరువులో అవి దాదాపు 40 ఎకరడుగులు.

మిగిలేది 240. పొలానికి పనికొచ్చేది అంతే.

యాసంగి వరికి కరిగెట (మడిని నీళ్లు పెట్టి బురదగా దున్నడం) దగ్గర్నుంచి చివరి తడి దాకా, కాలువలో పోయేది కూడా కలుపుకుంటే తూము దగ్గర ఎకరానికి 5 అడుగులు చూసుకోవాలి. మొక్కజొన్న, పల్లికాయ లాంటి ఆరుతడి పంటలకు రెండున్నర అడుగులు చాలు. దుబ్బ (ఇసుక) నేలలైతే ఇంకొంచెం ఎక్కువ, రేగడి అయితే కొంచెం తక్కువ.

- అంతా వరి వేస్తే: 48 ఎకరాలు
- అంతా ఆరుతడి వేస్తే: 96 ఎకరాలు
- కలిపి వేస్తే: 24 ఎకరాల వరి, 48 ఎకరాల మొక్కజొన్న

రికార్డులో ఆయకట్టు 150 ఎకరాలని ఉండొచ్చు. ఆ అంకె వానాకాలానిది. యాసంగికి దాన్ని పట్టుకుని కూర్చుంటే అందరి పంటా అరకొరగా పోతుంది.

ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువ నుంచో దేవాదుల ఎత్తిపోతల పైపుల నుంచో మీ చెరువు నిండుతుంటే ఇంకో జాగ్రత్త. యాసంగిలో కాలువ నీళ్లు వారబందీ పద్ధతిలో, విడతలు విడతలుగా వస్తాయి. పై ప్రాజెక్టులో నిల్వను బట్టి ఆ విడతలు మారుతుంటాయి. నారు పోసే రోజున చెరువులో ఉన్నవే మీ నీళ్లు. రాబోయేవి వస్తే పంటకు ధీమా, అంతే. వాటిని నమ్ముకుని ఎకరాలు పెంచొద్దు.

## 4. తైబందీ: ఊరంతా కూర్చుని తేల్చుకోవడం

ఉన్న నీళ్లకు ఎంత భూమి, ఏ పంట అని ముందే తీర్మానించుకోవడమే తైబందీ. దీన్ని పంచాయతీ ఆఫీసులో ఏదో ఒక సాయంత్రం పది మందితో ముగించేస్తే నిలబడదు. ఆయకట్టు చివరి రైతులు, కౌలుకు చేసేవాళ్లు, మత్స్యకారుల సంఘం, శిఖంలో (నీళ్లు దిగాక బయటపడే చెరువు లోపలి భూమి) సాగు చేసేవాళ్లు, అందరూ ఉండాలి. కౌలు రైతును పిలవకుండా భూమి యజమానితో మాట్లాడి ప్రయోజనం లేదు, మడి దగ్గర ఉండేది కౌలు రైతే. ఇళ్లలో నారు, నాటు, కలుపు చూసే ఆడవాళ్లు వస్తే మీటింగులో మాట నిజంగా పొలం దాకా వెళ్తుంది.

మాట్లాడాల్సిన వరుస ఇది.

1. కొలిచిన లెక్కను అందరి ముందు చదవండి, గోడ మీద రాయండి. లెక్క మీద అనుమానం ఉన్నవాళ్లను కొలిచేటప్పుడే వెంట తీసుకెళ్లడం మంచిది.
2. వరి ఎన్ని ఎకరాలు, ఆరుతడి ఎన్ని ఎకరాలు అన్నది తేల్చండి.
3. పంపకం ఎలాగో తేల్చండి. రెండు దారులున్నాయి. ప్రతి రైతుకూ భూమిని బట్టి వాటా ఇవ్వడం ఒకటి. ఈ ఏడు ఒక తూము కింద వరి, వచ్చే ఏడు ఇంకో తూము కింద అని మార్చుకోవడం రెండోది.
4. నాటుకు ఆఖరి తేదీ పెట్టండి. జనవరి నడిమి దాటితే వరి నాటు వద్దు. ఆలస్యమైన పొలం ఏప్రిల్ ఎండల్లో నీళ్లు అడుగుతుంది, అప్పుడు ఇవ్వడానికి ఉండవు.
5. నీరటి (తూము ఎత్తి పొలాలకు నీళ్లు పంచే మనిషి) ఎవరో, ఎకరానికి ఎన్ని వడ్లో ఎన్ని డబ్బులో, ఎప్పుడిస్తారో రాయండి.
6. ఒప్పందం తప్పినవాళ్లకు ఏం చేయాలో కూడా అక్కడే రాసి సంతకాలు తీసుకోండి.

పంపకంలో నేను మొదటి దారి వైపే ఉంటాను. తూములు మార్చుకునే పద్ధతిలో నీళ్లు తక్కువ వృథా అవుతాయి, నిజమే. కానీ వచ్చే ఏడు చెరువు నిండకపోతే ఈ ఏడు ఆగిన రైతు రెండేళ్లు నష్టపోతాడు. ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లకు అది చాలా పెద్ద దెబ్బ.

వరి రకం కూడా ఇక్కడే మాట్లాడుకోండి. ఎంటీయూ 1010, కూనారం సన్నాలు లాంటి తక్కువ కాలం రకాలే చెరువు కింద యాసంగికి సరిపడతాయి. ఒకే తూము కింద ఒకే కాలపు రకాలుంటే తూము ఒకేసారి బంద్ చేయొచ్చు. ఒక్కరు దీర్ఘకాలపు రకం వేస్తే ఆ రెండెకరాల కోసం కాలువ మొత్తాన్ని ఇంకో మూడు వారాలు తడపాల్సి వస్తుంది.

## 5. తూము ఎత్తకముందు: కట్ట, తూము, కాలువ

కట్ట మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు, తర్వాత కట్ట అడుగున పొలాల వైపు నడవండి. పొద్దున్నే వెళ్తే తడి స్పష్టంగా కనిపిస్తుంది.

- ఊట తేటగా, రోజూ ఒకేలా ఉంటే: అక్కడ గుర్తు పుల్ల పాతి, రోజూ చూడండి
- ఊట మట్టి రంగులో వస్తుంటే, ధార పెరుగుతుంటే: అది బుంగ, అంటే కట్ట లోపలి మట్టిని కోస్తూ నీళ్లు చేసుకున్న దారి. వెంటనే ఏఈకి ఫోన్ చేయండి
- కట్ట కుంగినా, పగులు కనిపించినా: ఆ చోట ట్రాక్టర్లు తిరగనివ్వొద్దు
- సర్కారు తుమ్మ, పొదలు: నరకండి, వేళ్లు మాత్రం పెకలించొద్దు

బుంగ కనిపించగానే పొలం వైపు నుంచి బంకమట్టి కొట్టి మూసేయాలనిపిస్తుంది. అలా చేయొద్దు. లోపలి నీళ్లకు దారి లేక పక్కన ఇంకోచోట పొడుచుకొస్తాయి. పొలం వైపు ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు పేర్చండి. నీళ్లు వస్తాయి, మట్టి రాదు. చెరువు వైపు రంధ్రం కనిపిస్తే మట్టి బస్తాలు వేయాల్సింది అక్కడ. 2024 సెప్టెంబరు 1 నాటి వానకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అలాంటి వానలు తిన్న చెరువు కట్ట పైకి బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల మట్టి వదులై ఉంటుంది. యాసంగికి ముందు చూసుకోవడం అందుకే.

మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు ఎక్కువ ఆపే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అడుగు ఎత్తు నీళ్ల కోసం కట్ట మొత్తాన్ని పణంగా పెట్టడమే అది. చేపలు పోకుండా కట్టిన జాలీలకు చెత్త పట్టినా అదే ప్రమాదం. వాటిని తీసి శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో మత్స్యకారుల సంఘంతో ముందే మాట్లాడుకోండి.

ఇక తూము. షట్టరు మరను ఒకసారి పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి తిప్పి చూడండి. తుప్పు గీకి గ్రీజు పెట్టండి. మూసినప్పుడు కాలువలో ఎన్ని నీళ్లు కారుతున్నాయో గమనించండి. బొటనవేలంత ధార అనుకుంటాం, రాత్రీ పగలూ నాలుగు నెలలు కారితే అది ఎవరిదో ఒకరి పంట. రబ్బరు పట్టీ మార్పిస్తే చాలాసార్లు ఆగుతుంది.

తూములో చెత్త అడ్డుపడితే నీళ్లలో మునిగి తీసే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. నీటి ఒత్తిడి మనిషిని లోపలికి లాగేస్తుంది. ఎంత ఈత వచ్చినా ఒకటే. షట్టరు మూసి, శాఖవాళ్లను పిలిచి, వాళ్ల సామగ్రితోనే తీయించాలి.

కాలువ పని చివర నుంచి తూము వైపు చేసుకుంటూ రండి. తూము దగ్గర మొదలుపెడితే సగంలో కూలీల డబ్బులు అయిపోతాయి, చివరి రైతుకు కాలువే ఉండదు. తూటికాడ, జమ్ము, పూడిక తీశాక పిల్ల కాలువల మొదట్లో పాత సిమెంటు పైపు ముక్కలో, రాతి పలకలో పెట్టండి. గడ్డపారతో గండి కొట్టి నీళ్లు మలుపుకునే పని తప్పుతుంది.

## 6. నీటి పారుదల కొలిచి వంతులు వేయడం

తూము ఎత్తి, కాలువ నిలకడగా పారేదాకా ఒక గంట ఆగండి. తిన్నగా ఉన్న చోట 30 అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతండి. ఎండు పుల్ల ముక్కను పైనుంచి వదిలి, ఆ దూరం దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మూడుసార్లు చూడండి.

కాలువ వెడల్పు 3 అడుగులు, నీటి లోతు 1 అడుగు, పుల్లకు 20 సెకన్లు పట్టిందనుకుందాం. వేగం సెకనుకు ఒకటిన్నర అడుగు. 3 × 1 × 1.5 = 4.5. పైన పారినంత వేగంగా అడుగున పారదు కాబట్టి దాన్ని 0.8తో గుణిస్తే 3.6 క్యూసెక్కులు, అంటే సెకనుకు 3.6 ఘనపుటడుగులు.

ఇప్పుడు గుర్తుంచుకోవాల్సిన లెక్క: ఒక క్యూసెక్కు ఒక గంట పారితే ఎకరం మీద ఒక అంగుళం నీళ్లు. ఎకరానికి రెండంగుళాల తడి ఇవ్వాలంటే 3.6 క్యూసెక్కులతో 33 నిమిషాలు. కాలువలో ఇంకేది కలిపి 45 నిమిషాలు వేసుకోండి. పగటిపూట 12 గంటల్లో 16 ఎకరాలు పారుతుంది. 48 ఎకరాల మొక్కజొన్నకు మూడు రోజులు. వంతుల పట్టిక ఇలా నిమిషాల్లో వేస్తే ఎవరికీ "నాకు తక్కువొచ్చింది" అనడానికి ఉండదు. చెరువు మట్టం దిగే కొద్దీ పారుదల తగ్గుతుంది, కాబట్టి రెండు వారాలకోసారి మళ్లీ కొలిచి నిమిషాలు సరిచేయండి.

వంతు చివరి మడి నుంచి మొదలు కావాలి. తూము పక్క రైతుకు ఇది మింగుడుపడదు. మా వైపు ఒక నీరటి, తొందరపడుతున్న రైతుతో ఇలా అన్నాడు: "అన్నా, నీ మడికి కాలువ ఊటే సగం తడి ఇస్తది. ఆ చివరాయనకు నేను ఇడిస్తెనే నీళ్లు. ముందుగాల ఆయనది కానీ." ఆ మాట అక్షరాలా నిజం. కాలువ పక్క పొలాలకు వంతు లేని రోజుల్లోనూ తేమ అందుతుంది.

పట్టికలో ఉండాల్సినవి:

- రైతు పేరు, ఎకరాలు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం
- వంతు తప్పితే మళ్లీ ఎప్పుడు (అదే రోజు చివర, ఇంకొకరి సమయంలోంచి కాదు)
- రాత్రి తూము మూసే సమయం
- షట్టరు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో

రాత్రి పారకం తప్పదనుకుంటే పెద్ద మడులకే పెట్టండి, మనిషి తప్పకుండా ఉండాలి. మనిషి లేని రాత్రి వంతు నీళ్లు తెల్లారేసరికి వాగులో ఉంటాయి.

## 7. మడిలో నీళ్లు పొదుపు చేయడం

ఒడ్లు చెక్కి, ఎండ్రిబొక్కలు (ఎండ్రకాయల బొరియలు) పూడ్చి, మెత్తటి బురదతో మెత్తండి. కరిగెట తర్వాత మడి చదును కాకపోతే గడ్డ మీద నీళ్లు నిలపడానికి గుంటలో జానెడు నింపాల్సి వస్తుంది. వెదజల్లే పద్ధతి అలవాటున్నవాళ్లకు నారుమడి నీళ్లు మిగులుతాయి, పంట కూడా వారం పది రోజులు ముందే వస్తుంది. కలుపు మీద మాత్రం మొదటి నుంచీ కన్నుండాలి.

వరిలో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉండాలన్న నమ్మకం తీసేయండి. అడుగు పొడవు, నాలుగు నుంచి ఆరు అంగుళాల వెడల్పున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి రంధ్రాలు వేయండి. ఆ సగాన్ని మడిలో పాతి లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తర్వాత నుంచి దీన్ని చూసి నీళ్లు పెట్టాలి. పైపులో నీళ్లు భూమట్టానికి అరడుగు కిందికి దిగాకే మళ్లీ రెండంగుళాలు. మడి పైన సన్నగా నెర్రెలు మొదలవుతుంటే టెన్షన్ పడొద్దు, పైపులో చూడండి, వేళ్ల దగ్గర నీళ్లుంటాయి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం రెండంగుళాలు తగ్గనివ్వొద్దు.

మొక్కజొన్నకు నీళ్లు నిలవకూడదు, బోదెల్లో పారించాలి. జల్లు (మగ పూత), పీచు వచ్చే రోజుల్లోనూ గింజ పాలుపోసుకునేటప్పుడూ తడి తప్పకూడదు. పల్లికాయకు పూత, ఊడలు దిగే సమయం, కాయ ఊరే సమయం ముఖ్యం.

## 8. మధ్యలో తేడా వస్తే

చెరువు అనుకున్నదానికన్నా తొందరగా దిగుతోంది. ముందు మోటర్లు లెక్కపెట్టండి, తర్వాత తూము కారడం చూడండి. రెండూ కాకపోతే తడికి తడికి మధ్య రెండు రోజులు పెంచండి. పూతలో ఉన్న పొలాలకు మినహాయింపు ఇవ్వండి.

ఒప్పందం దాటి ఎవరో నాటు వేశారు. చెరువు నీళ్లు ఆ పొలానికి లేవని నీరటి కాదు, సంతకాలు చేసిన పెద్దమనుషులంతా కలిసి చెప్పాలి. నీరటిని ఒంటరిగా ముందుకు తోసి ఊరుకోవడం అన్యాయం.

ఫిబ్రవరి చివరికి నీళ్లు సరిపోవని తేలింది. బావి, బోరు ఉన్న రైతులు వాటికి మారి తమ వంతు వదిలితే అవి లేనివాళ్ల పంట బతుకుతుంది. వదిలినవాళ్ల కరెంటు, డీజిల్ ఖర్చులో ఊరు భాగం పంచుకోవాలి. ఆ మాట తైబందీ రోజే రాసుకుంటే అప్పుడు అడగడానికి నోరొస్తుంది.

శిఖం రైతులు నీళ్లు తొందరగా దించమంటున్నారు. వాళ్లకు దున్నుకునే తొందర ఉంటుంది, అర్థం చేసుకోదగ్గదే. అయినా తూము ఎత్తే తేదీ వంతుల పట్టికను బట్టే.

## 9. పశువులు, తాగునీటి బావి

అడుగున ఉంచిన నాలుగడుగుల నీటి మట్టాన్ని తూము గోడ మీద ఎర్ర రంగుతో గీయండి. నీళ్లు ఆ గీతకు దిగిన రోజు తూముకు తాళం.

మిషన్ భగీరథ నల్లా ఉన్నా, మరమ్మతుల రోజుల్లో చెరువు పక్క బావి మీద ఆధారపడే ఇళ్లు ఉంటాయి. బావి నీళ్లలో ప్రతి 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. గుండ్రటి బావిలో నీళ్లు ఎన్నో తెలియాలంటే వెడల్పును వెడల్పుతో, మళ్లీ నీటి లోతుతో మీటర్లలో గుణించి, 785తో గుణించండి. లీటర్లు వస్తాయి. పౌడర్‌ను బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట నీళ్లు మాత్రమే మరో బకెట్లోకి వంపి బావిలో కలపండి. కనీసం గంట దాకా ఎవరూ తోడొద్దు. సాయంత్రం చీకటిపడే వేళ వేస్తే ఆ గంట ఇబ్బంది ఉండదు.

## 10. తూము బంద్ చేసే రోజు

వరి కోతకు పది రోజుల ముందు నీళ్లు ఆపేయండి. మడి ఆరితే మిషన్ దిగబడదు, ఆ తడి చెరువులో మిగులుతుంది. ఆఖరి వంతు అయ్యాక:

- షట్టరు పూర్తిగా దించి, మరకు గ్రీజు పెట్టి తాళం వేయండి
- గేజు మీది మట్టం, తేదీ పుస్తకంలో రాయండి
- మొదట వేసిన లెక్కకూ చివరికి ఖర్చయిన నీళ్లకూ ఎంత తేడా వచ్చిందో పక్కనే రాయండి
- నీరటికి ఇవ్వాల్సింది కల్లంలో ఉండగానే ఇప్పించండి
- కాలువలో నీళ్లు నిలవని చోట్లు, కట్ట మీద ఊట గుర్తులు, మరమ్మతు కావాల్సినవి రాసి మే నెలలోపే ఏఈకి, పంచాయతీకి కాగితం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. జూన్‌లో వానలు పడ్డాక కట్ట పని పెట్టుకుంటే వేసిన మట్టి గట్టిపడదు.